ముఠాదారు చదరంగం

“ఇది కాదు మేష్టారూ,” అంటూ భీముడు చేతిలోని తెల్లరాజును బల్ల మీద పెట్టేశాడు.

ఐజాక్ మేష్టారు తల పట్టుకున్నాడు. తెల్లారితే కొండ మీది క్రైస్తవ గుడికి నూరేళ్ల పండగ. విశాఖపట్నం నుంచి పెద్దలొస్తున్నారు. సాయంత్రం గుడి ముందు ఆయన రాసిన నాటకం. అదంతా ఒక్క చదరంగం ఆట చుట్టూ తిరుగుతుంది. ఆ చదరంగమే ఇంకా కుదరలేదు.

మొదట కొన్నది ప్లాస్టిక్‌ది. “వందేళ్ల కిందట ప్లాస్టిక్కేంటండీ!” అని భార్య డాలీ నవ్వింది. ఇప్పుడు రైల్వే కాలనీ క్లబ్బు వాళ్లని బతిమాలి నున్నటి చెక్క పావులు తెచ్చాడు.

“దీనికేమైందయ్యా? చెక్కే కదా?”

“ఆ గుర్రం మొకం సూడండి. దొరల గుర్రం. ఆట జరిగింది మా ముత్తాత ఇంటి అరుగు మీద. దొర బంగళాలో కాదు.”

ఆ కథ కొండలో తెలియనివాళ్లు లేరు. కొత్తగా వచ్చిన పాదిరీ దొర ఎంత బోధించినా ఎవరూ చెవిన పెట్టలేదు. చుట్టుపక్కల ఊళ్లకు పెద్ద, ముఠాదారు సోంబరు, దొరతో పందెం కట్టాడు. చదరంగంలో సోంబరు ఓడితే బాప్తిస్మం తీసుకోవాలి. దొర ఓడితే కొండ దిగి వెళ్లిపోవాలి. మరుసటి ఆదివారమే సోంబరు గెడ్డ నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక ఊరంతా నడిచింది. దొర ఇక్కడే ఉండిపోయి, ఇక్కడి మట్టిలోనే కలిశాడు.

భీముడు ఆ సోంబరుకి మునిమనవడు. వాళ్ల నాన్న మళ్లీ కొండదేవత దగ్గరికే వెళ్లిపోయాడు. అయినా ‘ఓడిపోయినోడి వంశం’ అన్న మాట మాత్రం ఆ ఇంటిని వదల్లేదు. సంతలో ఎవరితో మాటామాటా వచ్చినా ముందు ఆ మాటే వచ్చేది. ముఠాదారు వేషం ఇంకొకడు కట్టడం ఇష్టంలేక భీముడు తనే ఒప్పుకున్నాడు. తీరా రిహార్సల్లో ఓటమి ఒప్పుకుని రాజును పడుకోబెట్టే చోటికి వచ్చేసరికి చెయ్యి కదలదు. ఏదో వంక పెట్టి లేచి వెళ్లిపోతాడు.

“మీ ముత్తాత ఆడిన చదరంగమే తెచ్చి పెడితే ఆడతావా?” అన్నాడు ఐజాక్.

భీముడు బల్ల మీది పావులు పక్కకు నెట్టాడు. “టైడాలో మా పైడమ్మత్త కాడుంది. అత్త మీ గుడిమనిషే. మా నాయన గుడి మానేసిన కాణ్ణుంచి మాకు మాటల్లేవు.”

“నేను మాట్లాడతాను. నువ్వు పక్కన నిలబడు చాలు. బేగి నడు, పాసింజరు వచ్చే వేళైంది.”

రైల్లో ఐజాక్ కూర్చోలేకపోయాడు. సొరంగం వచ్చినప్పుడల్లా లోపలికి రావడం, వెలుతురు రాగానే మళ్లీ తలుపు దగ్గరికి పోవడం. ఎదురుగా గూడ్సు వస్తోందని రైలు ఆపేస్తే, డ్రైవరు మీద విసుక్కున్నాడు. భీముడు కిటికీలోంచి చూస్తూ గోళ్లు కొరుక్కుంటున్నాడు.

పైడమ్మ వాకిట్లో మిరియాలు ఎండబెడుతోంది. ఎనభై దాటినా చూపు చురుగ్గానే ఉంది.

“ఏటి మేష్టారూ, పండగెట్టుకొని ఇలా వొచ్చినారు? ఈ గుంటడు కూడానా!”

భీముడు తల వంచుకున్నాడు. సంగతంతా ఐజాకే చెప్పాడు. ఆమె లోపలికి వెళ్లి మూట తెచ్చి విప్పింది.

గుడ్డ మీద దారంతో కుట్టిన గళ్లు. నలుపూ తెలుపూ లేదు, అన్నీ ఒకటే రంగు. లక్క పూసిన కొయ్య పావులు, సగం ఎరుపు, సగం పచ్చ. దేనికీ ముఖం లేదు. లావుగా ఉన్నది ఏనుగు, అన్నిటికన్నా ఎత్తైనది రాజు.

ఐజాక్ ముఖం విచ్చుకుంది. “ఇదే! ఇదే కావాలి!”

“నాటకంలో ఆకర్న పావులు ఎలగ పెడతారేటి?”

ఐజాక్ హుషారుగా పావులు సర్ది చూపించాడు.

“అలగ కాదు,” అంటూ పైడమ్మ వాటన్నిటినీ తీసేసి ఒక్కొక్కటే మళ్లీ పెట్టింది. “నాకు ఆట రాదు. ఆ రోజుల్లో కొండ మీద తాతకి తప్ప ఎవులికీ రాదు. జయపురం కోటలో నేర్సుకొచ్చినాడంట. ఈ ఆకరి వరస మట్టుకు నాకు సూపించేవోడు. ముసురట్టి పనుల్లేకపోతే ఇదే పని.”

ఐజాక్ వంగి చూశాడు. అటువైపు వెళ్లి ఇంకోసారి చూశాడు. ఎర్రరాజు ఎటూ కదలడానికి లేదు. ఆట కట్టు.

“అమ్మా, ఎరుపు ఎవరిది?”

“దొరదే.”

భీముడు ఒక్క ఉదుటున లేచాడు. “తాత గెలిసినాడా!” పెద్దగా నవ్వాడు. అంతలోనే ముఖం ఎర్రబడింది. “గెలిసినోణ్ని నీళ్లలో ఎలగ ముంచినారు? మోసం సేసినారు! ఇన్నేళ్లూ మమ్మల్ని ఓడిపోయినోళ్లన్నారు. రేపు అందరి ముందూ అడుగుతాను మేష్టారూ. మీ గుడే అబద్ధం!”

ఐజాక్ అతని భుజం పట్టి కూర్చోబెట్టాడు. భీముడు రేపు ఆ మాటంటే గుడి ముందు తలలు పగులుతాయి. ఇంత తెలిశాక ముఠాదారు ఓడినట్టు ఆడించడానికి తనకూ మనసొప్పదు.

“ఆయన్ని బెదిరించారా అమ్మా? పోలీసుల్ని తెచ్చారా?”

“మా తాతనా! బెదిరించేవోడు ఇంకా పుట్టనేదు.”

“మరి పందెం ప్రకారం దొర వెళ్లిపోవాలి కదా?”

“మాట మీద నిలబడే మనిసే. తెల్లారేసరికి మూటలు కట్టేసి గుర్రమెక్కినాడు. తాతే పరిగెత్తుకెళ్లి కళ్లెం పట్టుకున్నాడు. ‘నేను నీ నీళ్లలో మునుగుతాను, నువ్వు దిగు’ అన్నాడంట.”

“ఎందుకు?” ఇద్దరూ ఒకేసారి అడిగారు.

పైడమ్మ వాళ్లిద్దరినీ వింతగా చూసింది.

“దొర ఎల్లిపోతే తాతతో ఆడేవోడెవుడు?”