డిక్కీ దగ్గర ఒట్టు

ఆత్మకూరులో కార్లకు పాటల సెట్లు బిగించే యేసుబాబు నా కారుకు అంటగట్టిన ఆంప్లిఫయర్ నెల తిరక్కుండానే కాలిపోయింది. అతణ్ణి ఉదయగిరిలో మా ఇంటి ముందుకు పిలిపించి, నలుగురిలో నిలదీశాను.

"మంచి సరుకే ఇచ్చినానని బైబిల్ మీద ఒట్టెయ్యి."

"వాక్యంలో ఒట్టు పెట్టుకోవద్దని ఉండాదన్నా. నేను అవునంటే అవునే."

"దొంగసరుకు గాబట్టే ఒట్టుకు నోరు రాలా" అన్నాడు పక్కింటి రమణయ్య.

యేసుబాబు డిక్కీలోకి వంగి, దరువు మోగించే సబ్‌వూఫర్ల పెట్టె విప్పాడు.

"అన్నా, ఈ ఆంప్లిఫయర్ నాలుగు ఓమ్‌ల కంటే తక్కువ లోడు తట్టుకోదు. అందుకే రెండు సబ్‌వూఫర్లనూ సిరీస్‌లో, ఒకదాని వెనక ఒకటిగా కలిపి ఎనిమిది చేసినాను. ఇప్పుడు ప్యారలల్‌లో, పక్కపక్కన కలిపి ఉండాయి, రెండే వస్తాది. దాంతోనే కాలిపోయింది. ఎవరు మార్చినారు వైర్లు?"

దరువు చాలడం లేదని మార్చింది నేనే.

"నేను ముట్టుకోలా" అన్నాను.

"నువ్వన్నా ఒట్టెయ్ మల్లికార్జునా, తేలిపోతాది" అన్నాడు రమణయ్య.

పక్కనే ఉన్న నా కూతురు అశ్విత తల మీద చెయ్యి పెట్టాను. "నా బిడ్డ మీద ఒట్టు."

"బిడ్డ మీద వేసినాక ఇంకేముండాదన్నా" అని యేసుబాబు సంచిలోంచి కొత్త ఆంప్లిఫయర్ తీశాడు. పైసా అడగలేదు. మసక వెలుతురులో తడుముకుంటూ వైర్లు మళ్లీ సిరీస్‌లో కలపసాగాడు.

"ఆ రోజు నువ్వు వైర్లు మారుస్తా ఉంటే సెల్లు లైటు పట్టింది నేనే కదా నాయనా" అంది అశ్విత, నాకు మాత్రమే వినబడేలా.

నా చేతిని తన తల మీద నుంచి తీసేసింది. లైటు వేసి, యేసుబాబుకు పట్టడానికి వెళ్లింది.