పాట చివరి కేక

"ఇవాళ ఆ కేక మాత్రం వెయ్యకు నాయనా."

ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్న డెల్ హార్కిన్స్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

వేదిక వెనక గుడారంలో ఒక నల్లజాతి ముసలావిడ నిలబడి ఉంది. తల మీద చర్చికి పెట్టుకెళ్లే తెల్ల టోపీ, చేతిలో పీచ్ పండ్ల జామ్ సీసా. సంతలో పెట్టిన జామ్ పోటీలో రెండో బహుమతి వచ్చినట్టుంది, గౌనుకు ఎర్ర రిబ్బను వేలాడుతోంది.

"ఎవరమ్మా నువ్వు? లోపలికి ఎవరు రానిచ్చారు?"

"మీ కాపలా ఆయనే. ఇలాంటి సీసా ఒకటి చేతిలో పెట్టాను, పక్కకి తప్పుకున్నాడు. నా పేరు ఒడెస్సా. పొద్దున నువ్వు పాడి చూసుకుంటుంటే విన్నాను. గొంతు చిరుగుతోంది నాయనా."

మేనేజరు మార్వ్ ఫక్కున నవ్వాడు.

"విన్నావా డెల్? డాక్టరూ వద్దన్నాడు, ఈ జామ్ అవ్వా వద్దంటోంది. బయట జనం మాత్రం కావాలంటున్నారు. ఎవరి మాట విందాం?"

డాక్టరు నిజంగానే వద్దన్నాడు. పాతగుడ్డను ఇంకోసారి లాగితే ఏమవుతుందో నీ గొంతూ అంతే, తర్వాత మాట కూడా మిగలదు అన్నాడు. కానీ కేక లేని డెల్ హార్కిన్స్‌ను ఏ ఊరి సంత పిలుస్తుంది?

ఇరవై రెండేళ్ల వయసులో పాడిన ఒక్క పాట. దాని చివర ఒక కేక. పైకి లేచి, అక్కడే నిలబడి, చివర్లో ఏడుపు తన్నుకొచ్చినట్టు చిన్నగా విరుగుతుంది. కేక మొదలవగానే అందరూ టోపీలు తీసి గాల్లోకి ఎత్తాలి. అది ముగిసేదాకా దించకూడదు. మిస్సోరీ రాష్ట్రమంతా తాతలు మనవలకు నేర్పిన ఆచారం అది.

ఆ తర్వాత డెల్ వంద పాటలు కట్టాడు. ఏం లాభం? కొత్త పాట ఎత్తుకుంటే చాలు, జనం నిమ్మరసం కొనుక్కోవడానికి లేచిపోతారు. అన్నం పెట్టేదీ ఆ కేకే, మెడకు ఉరీ ఆ కేకే.

"ఒక ఉపాయం ఉంది," అంది ఒడెస్సా. "నువ్వు ఊరికే నోరు తెరువు. తెర వెనక నుంచి నేను వేస్తాను."

డెల్‌కు ఒళ్లు మండింది.

"నా కేక నువ్వు వేస్తావా? నలభై ఏళ్లుగా చస్తున్నా ఆ విరుపు నాకే మళ్లీ పడలేదు. చర్చిలో పాడుకునే గొంతుకి పడుతుందా?"

"అది కాదు నాయనా, నీకొక మాట చెప్పాలి. చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాయన మొన్న చలికాలంలో పోయాడు. అందుకే..."

"పాటయ్యాక చెబుదువుగాని. వెళ్లమ్మా."

మార్వ్ ఆవిడకు బయటికి దారి చూపించాడు. ఆవిడ కోపగించుకోలేదు. జామ్ సీసా బల్ల మీద పెట్టి, "ఒక చెంచా తిను, గొంతుకు మెత్తగా ఉంటుంది," అని వెళ్లింది.

వేదిక మెట్లెక్కుతుంటే డెల్‌కు ఎప్పటిలాగే ఆ రికార్డింగ్ రోజు మనసులో మెదిలింది. ఒళ్లు కాలిపోయే జ్వరం. పాట చివరికొచ్చేసరికి కుప్పకూలితే ఇంటికి మోసుకుపోయారట. వారం తర్వాత, ఆ పాట రికార్డు చేయించిన గిల్ పామరాయ్, మొన్న చలికాలంలో పోయినాయనే, టేపు వినిపించాడు. చివర్లో కేక ఉంది.

"ఇది నేనెప్పుడు పాడాను?"

"జ్వరంలో పాడావురా మొద్దూ! ఒళ్లు తెలిసి ఎవడైనా అలా పాడగలడా?"

పొగిడితే నమ్మనివాడెవడు? డెల్ నమ్మాడు. ఆ రోజు నుంచీ తనను తానే తరుముకుంటున్నాడు.

మిట్టమధ్యాహ్నపు ఎండలో జనం కిటకిటలాడుతున్నారు. కొత్త పాట ఒకటి మొదలుపెట్టాడు. సగంమంది లేచారు, మిగతా సగం "కేక! కేక!" అని అరిచారు. చేసేది లేక పాత పాటే ఎత్తుకున్నాడు.

చివరి చరణం అయిపోయింది. వాద్యాలన్నీ ఆగాయి. టోపీలన్నీ లేచాయి.

డెల్ గుండెల నిండా గాలి పీల్చి నోరు తెరిచాడు.

గొంతులో ఏదో పుటుక్కున తెగింది. నోట్లోకి నెత్తురు రుచి వచ్చింది గానీ శబ్దం రాలేదు.

టోపీలు దిగలేదు. కేక అయ్యేదాకా అవి దిగవు. ఎత్తిన అన్ని టోపీల ముందు, పారిపోయే దారి లేక, డెల్ నోరు తెరుచుకునే నిలబడ్డాడు. జీవితంలో అంత భయం అతనికి ఎప్పుడూ వేయలేదు.

అప్పుడు లేచింది కేక.

అతని వెనక, నల్లతెర అవతలి నుంచి. డ్రమ్ముల దగ్గరి మైకులు దాన్ని అందుకున్నాయి. కొంచెం జీరబోయింది గానీ పైకి లేచింది, అక్కడే నిలబడింది, చివర్లో చిన్నగా విరిగింది.

టోపీలు దిగాయి. సంతంతా ఈలలతో హోరెత్తింది.

"అదరగొట్టావు డెల్! అచ్చం రికార్డులో లాగే!" మార్వ్ ఎగిరి గంతేశాడు.

డెల్ తెర తోసుకుని వెనక్కి పరుగెత్తాడు. అక్కడ కాపలా అతను ఒక్కడే జామ్ అంటిన వేళ్లు నాక్కుంటున్నాడు. మాట పెగలక డెల్ తల మీద టోపీలా చేతులు పెట్టి చూపించాడు.

"ఆవిడా? చర్చి బస్సు హారన్ కొడుతోందని ఇప్పుడే వెళ్లిపోయింది."

బయటికి దూకాడు. జనం చుట్టుముట్టారు.

"ఇంకొక్కసారి డెల్! ఒకే ఒక్కసారి!"

అటు తోసినా జనమే, ఇటు తోసినా జనమే. వాళ్ల భుజాల మీదుగా బస్సు దుమ్ము రేపుకుంటూ గేటు దాటడం కనిపించింది. ఆగమని అరవబోయాడు, గాలి తప్ప ఏమీ రాలేదు.

నలభై ఏళ్లుగా తనదే అనుకుని అతను తరిమిన గొంతు, తెల్ల టోపీ సర్దుకుంటూ, బస్సు కిటికీ పక్కన కూర్చుని వెళ్లిపోతోంది.