రెండు చెంచాల నెయ్యి

బస్సు గోతిలో పడి లేచేసరికి వీరలక్ష్మి సంచిలో నేతిసీసా పగిలింది.

సంచి నిండా నెయ్యి. నేతి నిండా గాజుపెంకులు.



కూతురు అనూషకి మూర్ఛలు. మందులకి లొంగలేదు. హైదరాబాదు డాక్టరు కీటో ఆహారం పెట్టాక, ఏడాదిగా ఒక్కటీ రాలేదు. అన్నం లేదు. తీపి లేదు. గుడ్డో చేపో, దానిమీద వేళకింత కొవ్వు. చిటికెడు తీపి పడినా మళ్ళీ మూర్ఛ రావచ్చని డాక్టరు ముందే చెప్పాడు.

ఆ డాక్టరు దగ్గరికే ఈ ప్రయాణం. పామర్రు చేరాక బస్సు మొరాయించింది. పిల్ల భోజనం వేళ దాటుతోంది.

హోటల్లో ఉడికించిన గుడ్లు దొరికాయి.

"నెయ్యి ఉందాండీ? పిల్లకి వేళకి కొవ్వు పెట్టాలి."

"అసలు సిసలు నెయ్యమ్మా," అన్నాడు గల్లా దగ్గరున్న వెంకట్రామయ్య.

"అందులో తీపేం కలవదుగా? పాపకి పడదండీ. ఫిట్స్ వస్తాయి."

"నేతిలో తీపేంటమ్మా, భలేవారే!"

నేతిగిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తింటున్నవాళ్ళంతా నవ్వారు. పక్క బల్ల దగ్గర కూర్చున్నాయన నవ్వలేదు. కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా, అనూషనే చూస్తున్నాడు.

వీరలక్ష్మి పిల్లని గోడవైపు జరిపింది.

ఆయన లేచి, ఎస్టీడీ బూత్ పక్కనున్న కొట్టుకి వెళ్ళాడు. తిరిగొచ్చి ఆమె ముందు ఒక సీసా పెట్టాడు.

కొబ్బరినూనె.

"నెయ్యొద్దమ్మా. ఇది పొయ్యండి పాపకి," అన్నాడు గొంతు తగ్గించి.

"తలకి రాసుకునేదా?"

"కేరళ వాళ్ళు కూరలే వండుకుంటారమ్మా దీంతో. ఇదీ కొవ్వేగా."

"నెయ్యికేమైంది?"

ఆయన గల్లావైపు చూశాడు. నుదుటిమీద చెమట.

"చెప్పలేనమ్మా. నా మాట వినండి."

ఊరూ పేరూ తెలియని మనిషి. బిడ్డచేత తలనూనె తాగించమంటున్నాడు. కారణం చెప్పడు. కళ్ళలోకి చూడడు. అతనూ భయపడుతున్నాడని ఆమెకి తెలుస్తూనే ఉంది. భయంలో ఉన్నవాళ్ళకి ఎదుటివాడి భయం కుట్రలాగే కనిపిస్తుంది.

ఆయన చెయ్యి నేతిగిన్నె మీదికి వచ్చింది.

"ఏమండీ! ఈయన్ని ముందిక్కణ్ణుంచి పంపించండి!" వీరలక్ష్మి అరిచింది.

వెంకట్రామయ్య లేచొచ్చాడు. "ఏంటి బావా, పిల్లతల్లితో నీకు గొడవ? పద, బయటికి పద."

ఆయన ఏదో చెప్పబోయాడు. చుట్టూ ఉన్న మొహాల్ని చూసి, తలదించుకుని వెళ్ళిపోయాడు.

ఆమె సీసా పక్కకి నెట్టేసింది. గిన్నె అడుగంటా చెంచా పెట్టి, రెండు చెంచాల నెయ్యి గుడ్లమీద పోసింది.

అనూష ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ఆగింది. మొహం విప్పారింది.

"అమ్మా! తియ్యగా ఉంది!"

"మింగకే! ఉమ్మెయ్!"

"మింగేశాగా. ఇంకొంచెం పొయ్యవా?"

ఏడాదిగా ఎరగని నవ్వు అది. వీరలక్ష్మి గిన్నెలో వేలు ముంచి నాలుక్కి రాసుకుంది.

బెల్లం.

అడుగున సన్నటి శెనగపిండి పలుకులు.

"ఏమండీ, ఈ నెయ్యెక్కడిది?"

"తొక్కుడు లడ్డూల కొట్టు నుంచమ్మా. కొత్త నెయ్యని పోస్తారు. ఏం?"

ఆమెకి అర్థమైంది. లడ్డూ దంచాక రోట్లో మిగిలిపోయిన నెయ్యి. వడగట్టి, కొత్తదని అమ్మేశారు.

అనూష కనురెప్పలు ఒకసారి అదిరాయి. నవ్వుతోనా? వీరలక్ష్మి పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. చూపు తిప్పకుండానే అరిచింది.

"ఆ కొట్టాయన్ని పిలవండి! ఇందులో ఇంకా ఏమేం కలిసిందో ఆయనే చెప్పాలి!"

వెంకట్రామయ్య ఎండ పడుతున్న వీధిలోకి చూశాడు.

"ఇప్పుడేగా తల్లీ, ఆయన్ని పంపించెయ్యమన్నారు."