నిమిషం గొంతు

"మీ మాట్లాడే మెషీన్ ఐదింటికి ప్యాకయి వెళ్లిపోతుంది, అది దాటితే నా చేతుల్లో ఉండదు సార్," అన్నాడు ఫోన్‌లో గొంతుల ఇంజనీరు. "ఒక్క నిమిషం రికార్డింగ్ పంపండి చాలు. దాంతో ఎన్ని మాటలైనా పలికిస్తాం. లేదంటే మా దగ్గరున్న రెడీమేడ్ గొంతుల్లో ఏదో ఒకటి పెట్టేస్తాను."

రెడీమేడ్ గొంతు అనగానే ప్రోగ్రామర్ "వద్దు, పంపిస్తాను" అని ఫోన్ పెట్టేశాడు. తన భార్య మాటల్ని ముక్కూమొహం తెలియని ఎవరిదో గొంతులో వినాలా?

గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది.

ఆమె గొంతు ఆగిపోయి నలభై రోజులు. ఆస్పత్రిలో అన్నీ హడావిడిగా జరిగిపోయాయి. పరీక్షలు, సంతకాలు, మూడో రోజుకల్లా అంతా అయిపోయింది. ఆ గొంతును రికార్డు చేసి పెట్టుకోవాలన్న ఆలోచన ఇంట్లో ఒక్కరికీ రాలేదు.

ఆమెకు తన గొంతంటే ఇష్టం ఉండేది కాదు. వీడియో తీయడానికి ఎవరు ఫోన్ ఎత్తినా నోటికి తాళం వేసుకునేది. తండ్రీ కూతుళ్లు ఇంట్లో ఉన్న వీడియోలన్నీ జల్లెడ పట్టారు. దొరికినవి రెండు దగ్గులు, ఒక నవ్వు, "ఆపు" అన్న ఒకే ఒక్క మాట.

"నీ పుట్టినరోజుకు నేను రికార్డు చేయించాను కదా నాన్నా," అంది కూతురు. "నువ్వు కంప్యూటర్ ఆన్ చేయగానే అమ్మ తిట్లు వినిపించేట్టు!"

"నీ ఫోన్‌లో లేదా?"

"ఆ ఫోన్ బకెట్లో పడి చచ్చిందిగా. నీ కంప్యూటర్లోనే ఉండాలి."

అతను తల పట్టుకున్నాడు.

అతని కంప్యూటర్ అందరి కంప్యూటర్ల లాంటిది కాదు. అందులో ఏమేం ఉండాలో ఒక ఫైల్లో రాస్తాడు. అది చదువుకుని కంప్యూటర్ తనను తానే కట్టుకుంటుంది. రాసింది ఉంటుంది, రాయనిది ఉండదు. ఉన్నదాన్ని చెరిపి దిద్దడమనేది అతని మతంలోనే లేదు. మార్పు కావాలంటే పాతదాని పక్కన కొత్త వెర్షన్ కట్టాల్సిందే. ఒకే ప్రశ్నకు ఎప్పుడడిగినా ఒకే జవాబిచ్చే ఫంక్షన్లంటే అతనికి ప్రాణం. మనుషులు అలా ఉండరని అతని ఫిర్యాదు.

ఆ తిట్లు డెబ్బయ్యో వెర్షన్‌లో చేరాయి. వారం తిరక్కముందే ఒక రోజు ఫోన్‌లో ఆఫీసు మీటింగ్ నడుస్తుండగా మర్చిపోయి కంప్యూటర్ ఆన్ చేశాడు. తిట్లు మొత్తం ఆఫీసుకు వినిపించాయి. పదిహేను మంది పగలబడి నవ్వారు.

అతను ఆ లైను తీసేశాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. వంటింట్లోకి వెళ్లి, "నీ గొంతు వినపడకుండా ఉంటే చాలు నాకు!" అని అరిచి వచ్చాడు.

ఇప్పుడా మాట తల్చుకుంటే నాలుక కోసేసుకోవాలనిపిస్తోంది.

"లైను తీసేస్తే ఏమైంది, పాత వెర్షన్లు ఎక్కడికీ పోవంటావుగా?" అంది కూతురు.

"పోవు. కానీ..." అతను స్క్రీన్ వైపు తిరిగాడు. "నెల దాటినవాటిని ఆదివారం ఆదివారం ఊడ్చేయమని నేనే రాశాను తల్లీ."

అయినా ఆశ చావక చూశాడు. జాబితా నూటపదో వెర్షన్‌తో మొదలైంది. దానికి ముందువి ఒక్కటీ లేవు.

వంటింట్లో గిన్నె మీద గరిటె టంగుమంది. భోజనానికి పిలుపు. ఇది మూడోసారి.

"వస్తున్నాం!" కేకేసింది కూతురు. "రెండు ముద్దలు తిని వచ్చి చూద్దాం నాన్నా."

"నువ్వు వెళ్లు."

వంటింటి వైపు చూసే ధైర్యం అతనికి లేదు. పోయిన ఫైళ్లను బతికించే ప్రోగ్రాం ఒకటి నడిపించాడు. అది గంటసేపు డిస్కంతా గాలించి చేతులెత్తేసింది. ఇంకొకటి నడిపించాడు. అదీ అంతే.

నాలుగు దాటింది. కీబోర్డు పక్కకు నెట్టేసి ఏడ్చాడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి, చొక్కా చేతికి ముక్కు తుడుచుకుంటూ, పసిపిల్లాడిలా ఏడ్చాడు. కూతురు వచ్చి భుజం మీద చెయ్యేసింది.

"ఆ ఊడ్చేది దేన్నీ వదలదా నాన్నా?"

"ఎవరైనా పట్టుకుని ఉన్నదాన్ని వదిలేస్తుంది. ఎక్కడో ఓ మూల చిన్న లింకు దాన్ని పట్టుకుని ఉన్నా చాలు, ముట్టుకోదు."

అంటూనే ఆగిపోయాడు.

పుట్టినరోజు నాడు ఆ వెర్షన్‌ను ముందు ప్రయోగాల ఫోల్డర్లో కట్టి చూశాడు. అలా కట్టినప్పుడల్లా అక్కడొక లింకు మిగిలిపోతుంది. శుభ్రం పిచ్చి ఉన్నవాడు కాబట్టి వాటిని వెంటనే తీసి పారేస్తాడు. ఆ రోజు మాత్రం, అన్నానికి రమ్మని ఆమె నాలుగోసారి పిలిచేసరికి, అన్నీ ఎక్కడివక్కడ వదిలేసి లేచి వెళ్లిపోయాడు.

గబగబా ఫోల్డర్ తెరిచాడు.

లింకు ఉంది. దాని వెనకాల డెబ్బయ్యో వెర్షన్ చెక్కుచెదరకుండా ఉంది.

"ఏమండీ! ఎన్నిసార్లు పిలవాలి? అన్నం చల్లారి రాయైపోయింది. ఆ పెట్టెతోనే కాపురం చేస్తానంటే చెప్పండి, నేనూ నా కూతురూ తినేసి పడుకుంటాం..."

నిమిషం పది సెకన్లు. ఆ గొంతు ఇల్లంతా మోగింది. కూతురు రెండు చేతులతో నోరు మూసుకుంది. అతను ఫైలు పంపించాడు. ఐదుకు ఇంకా తొమ్మిది నిమిషాలుంది.

"అందింది సార్. నిక్షేపంగా సరిపోతుంది," అన్నాడు ఇంజనీరు.

అతను ఆ తిట్లను మళ్లీ పెట్టాడు, ఈసారి ఇంకా గట్టిగా.

వంటింట్లోంచి గరిటె చేత పట్టుకునే వచ్చిన అతని భార్య, మెడ చుట్టూ ఉన్న తెల్లటి కట్టును తడుముకుంటూ, గుమ్మంలో నిలబడి తన గొంతును తాను వింది.