ఫొటో లేని కవరు

టీవీ మీద 'నో సిగ్నల్' అన్న మాట పొద్దుటి నుంచి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

బాన్సువాడ బస్టాండు ఎదుట ఫొటో స్టూడియో నడిపే నరేష్‌కు మతి పోతోంది. పాత కంప్యూటర్ గుయ్యిమంటోంది. లైట్లు వెలుగుతున్నాయి. బొమ్మ మాత్రం రాదు.

పాత మానిటర్ నిన్న కాలిపోయింది. ఆ కంప్యూటర్ తీగ కొత్త టీవీకి పట్టదు. రెంటినీ కలుపుతుందని అరచేతిలో సగముండే ఒక కన్వర్టర్ డబ్బా తెప్పించాడు. ఒకవైపు పాత తీగ, ఇంకోవైపు కొత్త తీగ పెట్టాడు. ఇంకేం కావాలో ఆ డబ్బాకే తెలియాలి.

"మా ఆయన అచ్చిండా బిడ్డా?" అని పోసవ్వ ఆరోసారి అడిగింది.

ఆమె భర్త ముత్తెన్న పోయి రేపటికి ఏడాది. సంవత్సరీకానికి పటం కట్టించాలి. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఎప్పుడో బ్యాంకు పాస్‌బుక్కు కోసం ఈ స్టూడియోలోనే దిగాడు. ఉంటే ఈ పాత కంప్యూటర్లోనే ఉండాలి.

"అస్తడవ్వా, జర ఆగు."

అప్పుడే ఒక ముసలాయన కర్ర పట్టుకుని లోపలికి వచ్చాడు. మాసిన గడ్డం, భుజాన చేతిసంచి.

"ఒక్క ఫొటో దియ్యి బిడ్డా. పటం సైజుది."

"ఎవలది?"

"నాదే. సాయంత్రానికి నాందేడ్ దవాఖానల ఉండాలె. రేపు గుండె ఆపరేషన్. ఏమైతదో ఎవలకెర్క. ఒకటి దిగిపెడితె ఇంటోళ్లకు తిప్పలుండది."

ఫొటో తీయకముందే కవరు మీద పేరు రాయడం నరేష్ అలవాటు. ఆయన్ని అడిగి 'రాందాస్, బిచ్కుంద' అని రాశాడు. ఫోన్ నంబరు తర్వాత అడగొచ్చులే అనుకున్నాడు.

"కూసో తాతా, పది నిమిషాలు. ముందుగాల గీ పని కానీ."

పోసవ్వ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నిన్ను ఏడనో జూసినట్టుందే."

"జూసే ఉంటవ్ చెల్లె" అని ఆయన నవ్వాడు.

నరేష్ పాత తీగ పీకి దాని మూతిలోని పిన్నులు చూశాడు.

"గిదీ సంగతి. పదిహేను పుల్లలుండాలె, ఒకటి ఇరిగింది."

తీగ చెత్తబుట్టలో పడింది.

"అది ఇరగలే. శానా తీగలకు ఆ పుల్ల మొదటి నుంచే ఉండది" అన్నాడు ముసలాయన.

నరేష్ బుట్టనూ ఆయన్నూ మార్చి మార్చి చూశాడు.

"గా డబ్బాకున్న సన్న తోక తీగను రబ్బరు బ్యాండుతోని ఎందుకు కట్టినవ్?" అని ముసలాయనే మళ్లీ అడిగాడు.

"ఫోన్ చార్జింగ్‌కు ఫ్రీగ ఇచ్చిండ్రు తాతా."

"కాదు బిడ్డా. డబ్బాకు కరెంటు దాని నుంచే పోతది. కంప్యూటర్‌కు పెట్టు."

తోకకు కరెంటట. ఆట పట్టిస్తున్నాడో, నిజమే చెబుతున్నాడో నరేష్‌కు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు అతనికి కోపమొస్తుంది.

"తాతా, తీగెల సంగతి నాకిడిసిపెట్టు. పదేండ్ల సంది గిదే పని."

వేరే తీగ పెట్టాడు. రిమోట్ బ్యాటరీలు మార్చాడు. టీవీ వీపు మీద రెండు చరిచాడు. అరగంట గడిచింది. పోసవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ముసలాయన లేచాడు.

"బస్సు యాళ్లయింది. నా ఫొటో..."

"పది నిమిషాలన్న గద తాతా."

ఆయన ఆ వేరే తీగను పీకాడు. బుట్టలోని తీగ తీసి మళ్లీ దాని చోట పెట్టాడు. రబ్బరు బ్యాండు విప్పాడు. డబ్బా నరేష్ చేతికిచ్చాడు.

"కదలకుంట పట్టుకో. గడ్డం జర కిందికి. ఇగ ఊపిరి బిగవట్టు."

డబ్బా పట్టుకోవడానికి ఊపిరెందుకు బిగబట్టాలో తెలియదు గానీ, నరేష్ బిగబట్టాడు. తోక వెళ్లి కంప్యూటర్లో కూర్చుంది. టీవీ నిండా వెలుగు.

నరేష్ కుర్చీ లాక్కుని వెతకడంలో మునిగిపోయాడు. బయట కండక్టర్ "నాందేడ్, నాందేడ్" అని పిలుస్తున్నాడు.

కాసేపటికి తెర మీదికి ముత్తెన్న వచ్చాడు. తెల్ల రుమాలు, బిగుసుకున్న మూతి. పోసవ్వ లేచి వెళ్లి తెర మీద ఆయన చెంప తడిమింది, గట్టిగా ఏడ్చింది.

ఫొటో కింద మూల చిన్న అక్షరాలున్నాయి. నరేష్ దగ్గరికి వంగి పైకే చదివాడు.

'రాందాస్ ఫొటోలు, బాన్సువాడ.'

నరేష్ ఈ స్టూడియోను కంప్యూటర్‌తో సహా బాలకృష్ణ దగ్గర కొన్నాడు. బాలకృష్ణ ఎవరి దగ్గర కొన్నాడో ఎప్పుడూ అడగలేదు.

"గాయినే బిడ్డా" అంది పోసవ్వ కళ్లు తుడుచుకుంటూ. "ఊపిరి బిగవట్టమని మా ఆయనకు గూడ గట్లనే జెప్పిండు. అప్పుడు మొఖం సరిగ జూడలే. కెమెరా అడ్డముండె."

బెంచీ ఖాళీగా ఉంది. నరేష్ బస్టాండుకు ఉరికాడు. నాందేడ్ బస్సు వెళ్లిపోయింది. తిరిగొచ్చి కవరు చూశాడు. నంబరు రాయాల్సిన చోట ఏమీ లేదు.

ఆయన కంప్యూటరే కదా, ఆయన ఫొటో ఒక్కటైనా ఉండకపోతుందా అని సాయంత్రం దాకా వెతికాడు.

ఎనిమిది వేల పైచిలుకు పాత ఫొటోల్లో ప్రతిదాని కిందా రాందాస్ పేరుంది. రాందాస్ ముఖం ఒక్కదాంట్లోనూ లేదు.