భూతకాలంలో నాన్న

“అదేంటి టీచర్! దయ్యాలకేమో వర్తమానకాలం, మనిషికేమో భూతకాలమా? తిరగేసి చెప్తున్నట్టున్నారు!”

వెనక బెంచీ వసపిట్ట లేచి ఈ మాట అనేసరికి తొమ్మిదో తరగతి అంతా గొల్లుమంది. ఇంగ్లీషు టీచరుకీ నవ్వాగలేదు. ఆమె ఈ బడికి బదిలీ మీద వచ్చి రెండు నెలలే అయింది. పాఠం ఎవరో పాతకాలపు దయ్యాల కథల రచయిత జీవితమూ, ఆయన కథలూ.

“తిరగేయడం కాదు తల్లీ, పద్ధతే అది. రచయిత పోయి వందేళ్ళు దాటింది. అందుకని ఆయన పుట్టాడు, రాశాడు, పోయాడు. కథలో దయ్యం అలా కాదుగా! నువ్వు ఎప్పుడు పుస్తకం తెరిచినా వచ్చి తలుపు కొడుతూనే ఉంటుంది. ఉన్నవాళ్ళకి వర్తమానం, లేనివాళ్ళకి భూతం. ఇదొక్కటి బుర్రకెక్కితే చాలు.”

మూడో బెంచీలో డిక్షనరీ చెయ్యెత్తింది. అడిగితే తప్ప నోరు విప్పని పిల్ల. స్పెల్లింగుల్లో టీచర్లనే దిద్దుతుంది కనుక క్లాసు ఆమెకు ఆ పేరు ఖాయం చేసింది.

“టీచర్, భార్య చిన్న వయసులోనే పోయిందన్నారు కదా. ఆ తర్వాత ఆయన మాట్లాడేవారా?”

“మాట్లాడకపోవడమేంటి? ఊరూరా తిరిగి తన కథలు చదివి వినిపించేవాడు.”

“అలాగా,” అని కూర్చుంది. ముఖం చిన్నబోయింది. ఆ పిల్ల తల్లి పోయి ఏడాదైందని లెక్కల మాస్టారు ఎప్పుడో చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చి టీచరు నాలుక కరుచుకుంది. మాట మార్చడానికి గబగబా హోంవర్క్ ఇచ్చేసింది. ఇంట్లోవాళ్ళలో ఒకరి గురించి ఒక పేజీ, కాలాలు తప్పకుండా.

మర్నాడు స్టాఫ్ రూములో ఆ కాగితాలు ముందేసుకుంది. పదేళ్ళ కిందట పోయిన తాతగారు ప్రస్తుతం స్నానం చేస్తున్నారని వసపిట్ట రాసింది. టీచరు ఒక్కతే పడీపడీ నవ్వి, ఎర్ర సిరాతో తాతగారిని స్నానాల గదిలోంచి బయటికి లాగింది. తర్వాతది డిక్షనరీ కాగితం. వాళ్ళ నాన్న గురించి. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా అన్నీ భూతకాలమే. వెతికినా ఒక్క తప్పు లేదు.

ఎర్ర పెన్ను పక్కన పెట్టేసింది. తల్లి లేదని తెలుసు. తండ్రి కూడా లేడా ఈ పిల్లకి!

టీచరు వాళ్ళ నాన్న పోయి మూడు నెలలయింది. ఇప్పటికీ ఎవరైనా కదిపితే “నాన్నకి మధ్యాహ్నం కునుకు తీయడం అలవాటు” అంటుంది తప్ప, “అలవాటుండేది” అనడానికి నోరు రాదు. నలభయ్యేళ్ళ తనకు చేతకాని పని పద్నాలుగేళ్ళ పిల్ల చక్కటి దస్తూరీతో చేసి చూపించింది. ఆమెకు కళ్ళు తుడుచుకోక తప్పలేదు.

డిక్షనరీని పిలిచి, “ఇది ఇంట్లో చూపించావా?” అని అడిగింది.

“లేదు టీచర్. మా ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు.”

“రెండు రోజులు నా దగ్గర ఉంచుకోనా?”

పిల్ల తలూపి వెళ్ళిపోయింది.

సాయంత్రం బడి వదలగానే టీచరు ఆఫీసులో ఆ పిల్ల చిరునామా కనుక్కుని వెళ్ళింది. మేడ మీద రెండు గదుల వాటా. తలుపు తీసినాయన గడ్డం మాసి ఉంది, భుజాలు వంగి ఉన్నాయి. పిల్ల లైబ్రరీకి వెళ్ళిందని చేత్తోనే సగం చెప్పి, కుర్చీ జరిపాడు. మేనమామో బాబాయో అయి ఉంటాడు, దిక్కులేని పిల్లను చేరదీసినట్టున్నాడు అనుకుంది. కిటికీలో ఒక డబ్బా నిండా కుంచెలు రంగు ఎండి కట్టెల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. పోయిన ఆ తండ్రి సామాను పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు కాబోలు.

“నేను పాప ఇంగ్లీషు టీచర్నండీ. తను రాసిందొకటి మీకు వినిపించాలని వచ్చాను,” అని కాగితం తీసి, తెలుగులో చెప్పుకుంటూ పోయింది.

“మా నాన్న పొడుగ్గా ఉండేవాడు. దుకాణాల బోర్డుల మీద అక్షరాలు రాసేవాడు. రాస్తూ పాడేవాడు. ఆ పాట మొదలైతే కింద వాటావాళ్ళు కిటికీలు మూసేసుకునేవాళ్ళు. పొద్దున్నే నాకు జడ వేస్తూ దయ్యాల కథ చెప్పేవాడు. సరిగ్గా దయ్యం వచ్చే చోట జుట్టు లాగేవాడు. నేను కెవ్వుమనేదాన్ని. అమ్మ వంటింట్లోంచి ఇద్దర్నీ తిట్టేది. ఆ నాన్న మళ్ళీ ఒక్కసారి వస్తే బాగుండును. దయ్యమై వచ్చినా సరే, నేను భయపడను.”

ఆయన తల దించుకున్నాడు. టీచరు కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది.

“మా నాన్నగారూ ఈమధ్యే పోయారండీ. అందుకే ఉండబట్టలేక వచ్చాను. ఆ లోటు మీరు తీర్చలేరు, ఎవరూ తీర్చలేరు. కానీ అప్పుడప్పుడు ఆ పిల్లతో నాలుగు మాటలు మాట్లాడండి. పాటలూ కథలూ రాకపోయినా ఫరవాలేదు. ఎలా ఉన్నావని అడిగినా చాలు.”

ఆయన చెయ్యి చాచి కాగితం అందుకున్నాడు. దాని మీది అక్షరాలను ఒక్కొక్కటిగా వేలితో దిద్దాడు.

“నేను జుట్టు గట్టిగా లాగేవాణ్ణి కాదండీ.”