సరస్సు గట్టున పెట్టిన ఒట్టు

"ఆ చివరి గుర్రం ముందుకాలు కుంటుతోంది. రాయి గుచ్చుకున్నట్టుంది, సాయంత్రం చూడాలి," అంది ఉర్కుయా.

జపార్ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. సోన్‌కుల్ సరస్సు అవతలి మలుపులో గుర్రాల మంద నల్లచుక్కల్లా ఉంది. ఆ చుక్కలకి కాళ్ళున్నట్టే అతనికి కనబడలేదు.

"అవి కళ్ళా, డేగ కళ్ళా వదినా?"

"ముందు ఆ గుర్రప్పిల్లని గట్టిగా పట్టుకో. తల్లి బెదురుతోంది."

ఒక మోకాలు నేలకి ఆనించి, రెండో మోకాలి మీద బకెట్ నిలబెట్టుకుని ఆమె ఆడగుర్రం పాలు పితుకుతోంది. మబ్బు కదిలినప్పుడల్లా సరస్సు నీలం నుంచి పచ్చకి, పచ్చ నుంచి వెండిరంగుకి మారుతోంది. పుట్టిన దగ్గర్నుంచీ ప్రతి వేసవీ చూస్తున్నా, పితకడం మధ్యలో ఆమె చూపు ఒక్కసారైనా అటు పోవాల్సిందే.

"తప్పిపోయిన గుర్రాల కోసం నిన్న కనుమ దాటాడు నీ కొడుకు ఎల్దియార్," అన్నాడు జపార్. "రాత్రి పైన మంచు పడింది. ఇంకా రాలేదు."

"వస్తాడు."

"వాడు జీను మీద కూర్చునే తీరు చూస్తేనే నాకు భయం. అచ్చం అన్నయ్యే. ఎడమకి ఒరిగి, మూట జారిపోతున్నట్టు."

"మీ అన్నయ్య అలా కూర్చునే పందేలన్నీ గెలిచాడు."

"పెళ్ళి చేస్తే తిన్నగా కూర్చుంటాడేమోలే. ఓర్మోన్ కూతురు బురుల్ అంటే ఎల్దియార్‌కి..."

పాలధార ఆగింది.

రెండేళ్ళ కిందట ఓర్మోన్ మంద ఉర్కుయా పచ్చికంతా మేసేసింది. ఆ కోపంలో ఆమె మకాం అంతా చూస్తుండగా రొట్టె చేత్తో పట్టుకుని ఒట్టు వేసింది, ఆ ఇంటి పిల్ల తన గుడారం గడప తొక్కదని.

"పిల్ల బంగారమే," అంది చివరికి. "దాని చేత్తో పులియబెట్టిన గుర్రప్పాలు తాగాను కూడా. కానీ రొట్టె మీద వేసిన ఒట్టు. తప్పితే ఈ కొండల్లో నా మొహం ఎవడు చూస్తాడు?"

"ప్రాణం మీదికొస్తే ఎంతటి ఒట్టునైనా తీసి గట్టున పెట్టొచ్చు వదినా. మొక్కుకుంటే చాలు."

"ఇప్పుడెవడి ప్రాణం మీదికొచ్చిందని?"

జపార్ కనుమ వైపే చూస్తున్నాడు. ఉన్నట్టుండి అతని గొంతు మారింది.

"వదినా, ఎవరో వస్తున్నారు. దౌడు మీద!"

గుడారాల్లోంచి ఆడవాళ్ళు బయటికి పరుగెత్తుకొచ్చారు. గుడారం కంటబడగానే ఎవరైనా గుర్రాన్ని నడకలోకి దించుతారు. దౌడు మీద వచ్చేవాడు తెచ్చేది ఒక్కటే, చావు కబురు.

ఉర్కుయా లేచి ఒక్క క్షణం అటు చూసింది. వెంటనే తలగుడ్డ చెంగు కళ్ళకి అద్దుకుంది.

"పొయ్యి పొగకి నా కంటికేం ఆనడం లేదు. ఎవరే వాడు? చెప్పండే!"

"తెలీడం లేదక్కా. టోపీ మొహం మీదికి లాక్కున్నాడు."

"నల్లగుర్రం," అన్నాడు జపార్. "మనవాడు వెళ్ళింది బూడిదరంగు గుర్రం మీద."

ఎవరో వెక్కడం మొదలుపెట్టారు.

"వదినా, మొక్కుకో! వాడు నోరు తెరవకముందే మొక్కుకో!"

"అందరూ ఉన్నారా?" అంది ఉర్కుయా. "పై గుడారం తాత కూడా వచ్చాడా?"

"ఇక్కడే ఉన్నానమ్మా."

"అయితే అందరూ వినండి. నా కొడుకు ప్రాణాలతో తిరిగొస్తే నా ఒట్టు ఇదిగో, ఈ సరస్సు గట్టునే వదిలేస్తున్నా. గొర్రెని కోసి మొక్కు తీర్చుకుంటా. బురుల్‌ని కోడల్ని చేసుకుంటా."

"విన్నాం. మేమే సాక్ష్యం," అన్నాడు తాత. ప్రార్థన ముగించినట్టు అందరూ అరచేతులతో మొహాలు తడుముకున్నారు.

నల్లగుర్రం నురగలు కక్కుతూ వచ్చి ఆగింది. రౌతు కిందికి దూకి టోపీ తీశాడు. ఎల్దియార్!

"ఎంత లాగినా ఆగలేదమ్మా ఈ పాడుగుర్రం! మన గుర్రాలు దొరికాయి. నాది అలిసిపోతే ఓర్మోన్ గారు దీన్నిచ్చారు."

"గాడిదా! మా గుండెలాగిపోయాయి కదరా!" ఆడవాళ్ళు ఏడుస్తూ, నవ్వుతూ వాడి వీపు మీద గుద్దారు.

కళ్ళెం అందుకునే వంకతో జపార్ దగ్గరికి జరిగాడు. "శభాష్ రా. చెప్పింది చెప్పినట్టు చేశావు."

"బాబాయ్, అమ్మకి తెలిస్తే చంపేస్తుంది."

"ఎలా తెలుస్తుందిరా? పరాయి గుర్రం, పరాయి కోటు. అంత దూరంలో ఎవరు పోలుస్తారు?"

ఉర్కుయా అప్పటికే బకెట్ ముందు కూర్చుంది. పాలధార మళ్ళీ మొదలైంది. జపార్ జాలిగా మొహం పెట్టి పక్కన చతికిలబడ్డాడు.

"పాపం, హడలిపోయావు వదినా."

ఆమె తల ఎత్తలేదు.

"ఏ గుర్రం ఎక్కినా వాడు ఎడమకే ఒరుగుతాడు, జపారూ."